పట్టీలు విప్పిన నెల

శుద్ధ పంచమి

రోజూ ఒక పేజీ రాయాలట. మొదటి వాక్యం నా ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పాలట, ఆ తరవాతే పిల్లల సంగతట. శిక్షణ ఇవ్వడానికి జిల్లా నుంచి వచ్చిన రెహానా గారి ఆజ్ఞ. సరే, రాస్తున్నాను. నా ఒంట్లో ఏమీ జరగడం లేదు.

తారీఖు బదులు తిథి వేశానని ఆవిడ కనుబొమ్మలు ఎగరేశారు. "మీరు చర్చికి వెళ్తారు కదా ఏసుపాదం గారూ?" అన్నారు. వెళ్తాను. కానీ నీళ్ళ మీద బతికేవాడికి తిథి తెలియకపోతే ఎప్పుడు నీళ్ళెక్కే పోటో ఎప్పుడు దిగే పాటో తెలియదు, గొలుసు ఎంత వదలాలో తెలియదు. ప్రభువు కూడా పడవెక్కినవాడే, ఏమీ అనుకోడు.

ఒకప్పుడు రేవు దాటించిన మూడు పాత పంటుల్ని గొలుసులతో కలిపి, నీళ్ళ కింద ఉన్న ఊరి మంచినీళ్ళ ట్యాంకుకి దూరంగా పొడుగు గొలుసుతో కట్టేస్తే అదే మా బడి. నేను డ్రిల్లు మాస్టార్ని. ఈత, తెడ్డు, తాడు ముళ్ళు నేర్పుతాను. పంటు అడుగున చేరిన నీళ్ళు తోడించడం, పైన సోలారు పలకల మీద ఉప్పు తుడిపించడం కూడా నా నెత్తినే ఉన్నాయి. ఇన్ని పనులున్నవాణ్ణి పట్టుకుని ఇవాళ మధ్యాహ్నం దాకా చాప మీద కూర్చోబెట్టారు.

రెహానా గారు నీళ్ళెక్కని మెట్ట నుంచి లాంచీలో వచ్చారు, ఒక రేకు పెట్టె, ఒక చాప పట్టుకుని. పెద్ద టీచరు సుభాషిణి గారు, పంతుళ్ళు, వంట చేసే నూకరత్నం, పడవ నడిపే సత్తిబాబు, అందరూ శిక్షణకి రావాల్సిందే. పిల్లల మనసు బాగోగులు చూడటం ఇకనుంచి చదువులో భాగమట. ఇన్నాళ్ళూ ఆ పని మణికట్టు మీది పట్టీ చేసేది. పచ్చగా ఉంటే పిల్ల బాగుంది. పసుపైతే కాస్త చూడు. ఎర్రబడితే నువ్వేమీ చెయ్యక్కర్లేదు, పట్టీయే గోరువెచ్చనై, పిల్ల మనసుని చల్లబరిచేది. పైన ఆకాశంలో దాన్ని నడిపించే యంత్రానికి కాలం తీరిందట. పిల్లల పట్టీలు ఏకాదశికి తీసేస్తారు. మావి నిన్ననే తీసేశారు.

మొదటి పాఠం ఏమిటంటే ఎదుటివాళ్ళ మొహం చూడటం. మా వాళ్ళలో ఎదురుపడితే ముందు మణికట్టు చూసి, తరవాత పలకరించడం మర్యాద. మొహంలోకి తేరిపారా చూస్తే తగువుకి వచ్చినట్టు లెక్క. నన్నూ సత్తిబాబునీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. కాసేపటికి ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది, కానీ చూపు తిప్పుకోకూడదు.

"మాస్టారండీ, మీ కాలేంటండి అలా ఆడిపోతంది?" అన్నాడు సత్తిబాబు.

పంటు ఊగుతోందన్నాను. బయట చూస్తే గాలే లేదు.

శుద్ధ సప్తమి

నా ఒంట్లో ఏమీ లేదు. టీ ఎక్కువైంది, అంతే.

ఇవాళ్టి పాఠం అడగడం, అడిగి ఊరుకోవడం. మొదటిది వచ్చింది. రెండోది రాలేదు. నూకరత్నం అలిగిన పిల్ల వేషం వేసింది. నేను "ఏమైందమ్మా?" అని అడగాలి, జవాబొచ్చేదాకా నోరు మూసుకోవాలి. అడిగాను. అది మాట్లాడదు. పైట చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. పంటు కింద నీళ్ళు తపక్ తపక్ అంటున్నాయి. ఎంతసేపని చూస్తాం? "లే, లేచి రెండు గుంజీలు తియ్యి, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాను.

అందరూ ఒకటే నవ్వు. నూకరత్నం వేషం మర్చిపోయి, "ఈయన్ని కట్టుకున్నావిడ ఎలా నెట్టుకొచ్చిందోనండి బాబూ!" అంది. నేను పెళ్ళి చేసుకోలేదని దానికి తెలుసు. తెలిసే అంది.

రెహానా గారు నవ్వలేదు. నా మెళ్ళో విజిలు తీసి ఆవిడ పెట్టెలో పెట్టుకున్నారు. "పాఠం అయ్యేదాకా ఇది నా దగ్గరుంటుంది. నిశ్శబ్దం రాగానే మీ చెయ్యి దీని మీదికి వెళ్తోంది" అన్నారు.

విజిలు లేని డ్రిల్లు మాస్టారు ఎందుకు పనికొస్తాడు? మధ్యాహ్నమంతా కాలుగాలిన పిల్లిలా మూడు పంటులూ తిరిగాను. బాగున్న గొలుసు విప్పి మళ్ళీ బిగించాను. తుడిచిన పలకలే మళ్ళీ తుడిచాను. సుభాషిణి గారు వరండాలోంచి చూసి, "మాస్టారూ, అరిగిపోతాయి" అన్నారు.

శుద్ధ ఏకాదశి

ఒంట్లో ఏమీ లేదు. రాత్రి నిద్ర పట్టలేదు, ఉక్కపోత.

పిల్లల పట్టీలు తీసేశారు. ప్రతి మణికట్టు మీదా తెల్లటి చార ఒకటి మిగిలింది. పొద్దున్నే ఒకడు నవ్వడం మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నాల దాకా ఆపలేదు. ఇద్దరు కొట్టుకున్నారు, కొట్టుకున్న ఇద్దరూ ఏడ్చారు, వాళ్ళని చూసి తక్కిన తరగతంతా ఏడ్చింది. తెలుగు పంతులు గారు వాళ్ళని ఊరుకోబెట్టబోయి తానే కళ్ళు తుడుచుకున్నారు.

నాకొక ఆలోచన వచ్చింది. అందరినీ వరసగా నిలబెట్టాను. విజిలు లేదు కాబట్టి చప్పట్లు కొట్టాను. ఒకటి అంటే గుండె మీద చెయ్యి. రెండు అంటే "నాకు భయంగా ఉంది!" అని గట్టిగా అరవాలి. మూడు అంటే ఊపిరి వదలాలి. చాలా బాగా వచ్చింది, పంటు అదిరిపోయింది. రెహానా గారు వచ్చి చూసి తల పట్టుకున్నారు.

"ఎవరికి భయంగా ఉందో అడిగారా?"

"అందరిచేతా అనిపించేశానండి. ఇంక అడగడమెందుకు?"

ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

తరవాత ఈత. పిల్లలు ఎప్పటిలాగే దూకారు, కాకపోతే కేకలు ఎక్కువ. లోవరత్నం మాత్రం దిగలేదు. లోవ మా సత్తిబాబు కూతురు. తల్లి లేదు, తండ్రీ కూతుళ్ళిద్దరూ బడి పడవలోనే కాపురం. ఈ బడిలో దానంత ఈతగత్తె లేదు, పాటు నీళ్ళలో కూడా ట్యాంకు దాకా వెళ్ళి తలైనా తడవనట్టు తిరిగొస్తుంది. అలాంటిది మెట్ల చివర నిలబడి, కిందికి చూసి, వెనక్కి రెండడుగులు వేసింది.

"ఏం లోవా?"

"తరవాత దిగుతానండి" అంది.

దిగినవాళ్ళందరూ గట్టు చేరారు. లోవ చెప్పిన ఆ "తరవాత" మాత్రం రానే లేదు.

శుద్ధ త్రయోదశి

ఒంట్లో: మెడ పట్టేసింది.

లోవ నిన్నా దిగలేదు, ఇవాళా దిగలేదు. ఇవాళ మెట్ల దాకా కూడా రాలేదు. బుజ్జగించాను, గద్దించాను, బెల్లం జీళ్ళు ఇస్తానన్నాను. దాని పెదాలు పాలిపోయాయి. అంత పచ్చి భయం ఆ పిల్ల మొహం మీద నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పాలంటే ఆ పిల్ల మొహమే సరిగా చూడలేదు, మణికట్టు చూసేవాణ్ణి. అక్కడ ఎప్పుడూ పచ్చే.

బహుళ అష్టమికి ఈత పరీక్ష. ఆ రోజు పోటు మందంగా ఉంటుంది, నీళ్ళు నెమ్మదిస్తాయి. ప్రతి పిల్లా ఎవరి సాయమూ లేకుండా, తన బలం మీదే ట్యాంకు దాకా ఈది తిరిగి రావాలి. వేళ నియమం లేదు, వస్తే చాలు. రానివాళ్ళని అమావాస్య పోటు లోపలే మెట్ట హాస్టలుకి పంపేస్తాం. ఏడాది దాకా నీళ్ళ మీదికి రానివ్వరు. మెట్టకి పడవవాళ్ళు వెళ్ళి ఉండటానికి అనుమతి లేదు. అంటే లోవ ఒక చోట, సత్తిబాబు ఒక చోట.

సుభాషిణి గారి దగ్గరికి వెళ్ళాను. ఈ ఒక్కసారికి దాన్ని వదిలెయ్యమన్నాను. దాని ఈత నాకు తెలుసు కదా, నేను సంతకం పెడతానన్నాను.

"ఆ రూలు నేను పెట్టలేదు మాస్టారూ. కానీ ఎవరైనా తీసేస్తానంటే నేను ఒప్పుకోను" అన్నారావిడ. "పోటు నెలల్లో గొలుసు తెగితే మీ సంతకం తేలుతుందా?"

ఆవిడ మాట తప్పని ఎలా అనను?

బయటికొస్తే సత్తిబాబు నిలబడి ఉన్నాడు. "మా పిల్ల నీళ్ళంటే పడి చచ్చిపోద్దండి. ఇప్పుడు రాత్రుళ్ళు పడవ అంచుకి దూరంగా, మధ్యలో ముడుచుకుని పడుకుంటంది. అది లేకుండా నేనేం చేసుకోనండి? ఏదో ఒకటి చెయ్యండి మాస్టారూ" అన్నాడు.

చేస్తానన్నాను. ఏం చెయ్యాలో తెలిస్తే అప్పుడే చేసేద్దును.

పౌర్ణమి

ఒంట్లో: సిగ్గు. ఇది ఒంట్లో ఉండేదేనా? చెవులు వేడెక్కాయి కాబట్టి ఒంట్లోదే అనుకుంటాను.

ఇవాళ మేమందరం కలిసి లోవని హడలగొట్టాం. ఎవరికి వారు మంచే చేశాం, అదీ విచిత్రం. పొద్దున్నే సుభాషిణి గారు గదిలోకి పిలిచి, ఎదురుగా కూర్చుని, మొహంలోకి చూస్తూ, "ఎలా ఉంది లోవా?" అని అడిగి, నేర్పినట్టే ఊరుకున్నారు. అక్కడినుంచి బయటపడగానే లెక్కల పంతులు గారు పట్టుకున్నారు. ఆయనా అడిగారు, ఆయనా ఊరుకున్నారు. తెలుగు పంతులు గారు అడిగి, జవాబు రాకముందే కన్నీళ్ళు పెట్టుకున్నారు. అన్నం దగ్గర నూకరత్నం గరిటె పట్టుకుని కళ్ళలోకి చూస్తూ నిలబడిపోయింది, వెనక వరసంతా ఆగిపోయింది. సాయంత్రానికి కన్నతండ్రి కూడా చాప వేసి కూర్చోబెట్టి, "ఎలా ఉందమ్మా?" అన్నాడట.

పిల్ల మాయమైంది. నీళ్ళలోకి దిగే పిల్ల అయితే వేరే భయం పడేవాళ్ళం. మూడు పంటులూ గాలించాం. చివరికి తాళ్ళ గదిలో, మోకుచుట్ట మధ్యలో దొరికింది. పైన గోనె కప్పుకుంది.

"మీరందరూ అలా చూడకండి" అంది గోనె లోపలినుంచి. "నేను చచ్చిపోతున్నానేంటండి?"

రెహానా గారు మమ్మల్ని అవతలి పంటు మీదికి తీసుకెళ్ళి తలుపేశారు. "తప్పు నాది. ఎలా అడగాలో చెప్పాను, ఎవరు అడగాలో చెప్పలేదు" అన్నారు. పట్టీ అయితే ఒక్కటే ఉండేది, దానికి పోటీ లేదు. మాకు ఆ సంగతి తట్టలేదు. ఒకరు చేస్తున్నారు కదా అని ఊరుకోవడం మాకు అలవాటు లేదు, ఎందుకంటే ఇన్నాళ్ళూ ఎవరమూ చెయ్యలేదు.

ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరినీ పిల్లే ఎంచుకోవాలి అన్నారు. వెళ్ళి అడిగారు. సుభాషిణి గారి పేరే చెబుతుందని అందరం అనుకున్నాం.

"డ్రిల్లు మాస్టారు" అందట. ఎందుకని అడిగితే, "ఆయనొక్కరే ఇవాళ నన్ను ఏమీ అడగలేదండి" అందట.

నేను అడగకపోవడానికి కారణం ఉంది. పొద్దుటినుంచి అడుగు నీళ్ళు తోడిస్తూ ఆ సంగతే మర్చిపోయాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, నేను కావాలనే ఊరుకున్నానని తల ఊపాను.

బహుళ విదియ

ఒంట్లో: మోకాళ్ళు. ఆగమంటే ఆగవు.

తాళ్ళ గదిలో లోవ పక్కన కూర్చున్నాను. ఏమీ అడగకూడదని నోట్లో పుల్ల పెట్టుకున్నాను. చేతులకి పని లేకపోతే నేను ఉండలేను కాబట్టి పాత మోకు ఒకటి విప్పి పురులు వేరు చేస్తూ కూర్చున్నాను. కాసేపటికి లోవ రెండో కొస అందుకుంది. బయట పిల్లల ఈత కేకలు వినిపిస్తున్నాయి. లేచి వెళ్ళిపోదామని ఎన్నిసార్లు అనిపించిందో చెప్పలేను. ఒకసారి సగం లేచాను కూడా. పుల్ల నమిలి నమిలి పీచు చేశాను.

అప్పుడు, మోకు మీంచి తలెత్తకుండానే, "నీళ్ళు ఇంత లోతుంటాయని నాకు ఇంతకుముందు తెలీదండి" అంది.

నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నేర్చుకున్నానని కాదు, నా నోట మాట రాలేదు.

"కింద ఇళ్ళున్నాయి కదండి. అప్పుడూ కనపడేవి. మెట్లూ, డాబాలూ, స్తంభాలూ. పైన ఈదుతుంటే ఏమీ అనిపించేది కాదు. చెయ్యి కాస్త వెచ్చగా అయ్యేది, అంతే. ఇప్పుడు చూస్తే, అమ్మో, అంత కింద ఉన్నాయా అనిపించిందండి. కాళ్ళు లాగేత్తన్నట్టు ఉంది." తరవాత అడిగింది. "ఇన్నాళ్ళూ నేను ఈదింది నిజంగా నేనేనాండి? లేకపోతే పట్టీ ఈదిందా?"

నువ్వే ఈదావని గట్టిగా చెప్పాను. నా గొంతు నాకే బోలుగా వినిపించింది.

లోవ అప్పుడు తలెత్తి నన్ను చూసింది. మణికట్టు కాదు, మొహం. పిల్లలకి ఇది ఎంత తొందరగా పట్టుబడిందో.

"పట్టీలు తీసేసిన కాడినుంచి మీరు కూడా దిగలేదు కదండి" అంది.

"నేనెందుకు దిగుతానే? పైనుండి తలకాయలు లెక్కపెట్టేవాడు దిగకూడదు. అది మా పద్ధతి."

"సాయంత్రాలు స్నానానికి కూడా దిగేవారు కదండి. ఇప్పుడు బకెట్టుతో పోసుకుంటన్నారు."

గొలుసు చూసొస్తానని లేచొచ్చేశాను.

బహుళ చవితి

ఇవాళ మొదటి వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. ఎందుకంటే ఇవాళ పొద్దు పొడుస్తూనే, ఎవరూ లేవకముందు, మెట్లు దిగి చూశాను. మోకాళ్ళ దాకా దిగాను. కింద ట్యాంకు కాళ్ళూ, పక్కన చర్చి గోపురం మీది సిలువా కనిపించాయి. ఆ చర్చిలోనే మా అమ్మ నాకు పేరు పెట్టించింది. నీళ్ళొచ్చిన ఏడు నేను లోవంత ఉన్నాను. శిబిరంలో నా చేతికి పట్టీ కట్టారు, కట్టగానే ఏడుపు ఆగిపోయింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ ఏడుపు ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్ళూ అక్కడే, మెట్ల కింద కూర్చుని ఉంది. నేను ఒక్క ఉదుటున మెట్లెక్కి చెక్క పట్టుకుని వణికాను.

కాబట్టి రాస్తున్నాను. నా ఒంట్లో భయం ఉంది. పంచమి నుంచీ ఉంది. టీ కాదు, ఉక్కపోతా కాదు. ఈత నేర్పే మాస్టారుకి నీళ్ళంటే భయం. చెప్పేవి శ్రీరంగనీతులన్న సామెత నా కోసమే పుట్టినట్టుంది.

రెహానా గారికి పేజీ చూపించాను. నన్ను మెట్టకి పంపేస్తారా అని అడిగాను. ఆవిడ పేజీ మడిచి నా చేతికిచ్చి, "ఇదే మీరు రాసిన మొదటి పేజీ" అన్నారు.

"ఆ పిల్లకి చెప్పొచ్చా? మాస్టారికే భయమంటే ఇంకా హడలిపోదా?"

"ఆ పిల్లకి తెలుసు. మీరు అబద్ధమాడుతున్నారని కూడా తెలుసు. చెప్పండి. కానీ ఏసుపాదం గారూ, చెప్పడం వేరు, మోయించడం వేరు. మీ భయాన్ని దాని నెత్తిన పెట్టి వెళ్ళిపోకండి. మీది మీ దగ్గరే ఉంచుకుని చెప్పండి."

అదెలాగండీ అంటే, చేసి చూడమన్నారు. ఇలాంటి జవాబుకి జిల్లా నుంచి మనిషిని పంపాలా?

బహుళ షష్ఠి

ఒంట్లో భయం. కొంచెం ఆకలి కూడా.

నిన్న లోవకి చెప్పాను. "నాకూ భయమేస్తోందే. నీకు చెప్పింది అబద్ధం. నా భయం సంగతి నేను చూసుకుంటాను, నువ్వేమీ చెయ్యక్కర్లేదు. నీకు తెలియాలని చెప్పాను, అంతే" అన్నాను. వంటపట్టించుకున్న పాఠం అప్పగించినట్టే చెప్పాను, ఒక్క ముక్క వదలకుండా.

లోవ ఆలోచించి, "ఎక్కడుందండి మీకు?" అంది.

"మోకాళ్ళలో. నీకు?"

"పొట్టలోనండి."

తరవాత జంట తాడు తెచ్చాను. పోటు మీద పడవలోంచి పంటు మీదికి దాటేటప్పుడు ఇద్దరు మనుషులు నడుములకి కట్టుకునే తాడు అది. కొత్త కోడలు వచ్చినా, బాలింతరాలు వచ్చినా దానితోనే దాటిస్తాం. దానికొక కట్టుబాటు ఉంది. జంట తాడు కట్టుకున్నాక నెమ్మదిగా నడిచేవాడిదే నడక. రెండోవాడు లాగకూడదు, తొందరపెట్టకూడదు, విసుక్కోకూడదు. ఎంతటి మొగాడైనా అవతలి మనిషి అడుగుకి అడుగు వెయ్యాల్సిందే.

నిన్న ఇద్దరం తాడు కట్టుకుని మెట్ల మీద కూర్చున్నాం, పాదాలు నీళ్ళలో పెట్టి. ఇవాళ నడుము దాకా దిగాం. ఒకసారి నేను ఆగిపోయాను, లోవ ఆగింది. ఒకసారి అది ఆగింది, నేను ఆగాను. ఆగి నిలబడటమంటే నాకు చావు కిందే లెక్క. అయినా లాగలేదు. అష్టమి ఎల్లుండే, ఈ నడకన ట్యాంకు చేరాలంటే ఏడాది పడుతుందని లోపల గోల పెడుతూనే ఉన్నాను.

పరీక్షలో తాడు కుదరదని లోవకి తెలుసు. నేను గుర్తు చెయ్యలేదు, అదీ అడగలేదు.

సత్తిబాబు పడవలో కూర్చుని అంతా చూస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. వాడికి శిక్షణ బాగానే ఒంటబట్టింది.

బహుళ అష్టమి

ఒంట్లో: అన్నీ ఉన్నాయి, ఏది రాయను?

పరీక్ష పొద్దున్నే మొదలైంది. నీళ్ళు మందంగా ఉన్నాయి, ట్యాంకు పైకప్పూ ఇనప నిచ్చెనా బయటికి తేలాయి. సుభాషిణి గారు పంటు మీద, సత్తిబాబు పడవలో. పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళి వచ్చారు. చివరికి లోవ పేరు మిగిలింది. మెట్ల చివర నిలబడింది. నిలబడే ఉంది.

నేను సుభాషిణి గారి దగ్గరికి వెళ్ళాను. "తలకాయలు మీరు లెక్కపెట్టండి. నేను దిగుతాను. పిల్లని ముట్టుకోను, తాడు కట్టను, పిలవను. నా ఈత నేను ఈదుకుంటాను. అది రూలుకి అడ్డమా?"

ఆవిడ నా మొహం చూశారు, బాగా చూశారు. "డ్రిల్లు మాస్టారు దిగకూడదన్నది రూలు కాదు, అలవాటు" అన్నారు.

చొక్కా విప్పి మెట్లు దిగాను. లోవ పక్కన ఆగి చెప్పాను. "నేను ట్యాంకు దాకా వెళ్తున్నాను. భయం భయంగానే వెళ్తున్నాను. అక్కడ నిచ్చెన పట్టుకుని కాసేపుంటాను. నువ్వు వస్తే రా. రాకపోతే నేను తిరిగొస్తాను, నీ మీద కోపం ఉండదు."

ఎలా ఈదానో నాకు తెలియదు. కిందికి చూడకూడదనుకుని చూశాను. సిలువ ఉంది. ఈసారి చూపు తిప్పుకోలేదు. గుండె నోట్లోకి వచ్చింది, వస్తే రానీ అని చేతులు ఆడించాను. పిల్లలకి ఇన్నేళ్ళు కేకలేసి నేర్పిన ఈత నాకు గుర్తొస్తే ఒట్టు. ఏదో కుక్క ఈత ఈది నిచ్చెన అందుకుని, రెండు చేతులతో వాటేసుకున్నాను. నాచు అంటిన ఆ ఇనప కడ్డీ ముద్దుపెట్టుకున్నంత పని చేశాను.

వెనక్కి తిరిగి చూస్తే మెట్ల మీద లోవ లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మరుక్షణం నీళ్ళలో తల కనిపించింది. పంటు మీద పిల్లలు అరవడం మొదలుపెట్టారు, సుభాషిణి గారు చెయ్యెత్తి ఆపేశారు. పడవలో సత్తిబాబు తెడ్డు రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయాడు, ఒక్క బార కూడా ముందుకి రాలేదు.

లోవ మధ్యలో ఒకసారి ఆగింది. నిలువు ఈత వేస్తూ కిందికి చూసింది. పిలవాలని నోరు తెరిచాను, మూసుకున్నాను. దాని చేతులు కదిలాయి. వచ్చి నిచ్చెన రెండో వైపు పట్టుకుంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. కళ్ళు ఇంతలేసి ఉన్నాయి.

"భయమేసిందండి" అంది.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ ఉందండి." తరవాత, చాలా ఆశ్చర్యంగా, "ఉన్నా కూడా వచ్చేశానండి. నేనే ఈదానండి" అంది. దాని మొహం అప్పుడు ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. ఏ రంగూ సరిపోదు.

తిరుగు ఈతలో లోవ నాలుగు బారలు వేసి నన్ను దాటేసింది. దాని అసలు ఈత దానికి తిరిగొచ్చింది. గబగబా వెళ్ళి గట్టెక్కెయ్యొచ్చు. నేను వెనకబడ్డాను, నా మోకాళ్ళు బిగుసుకుపోయాయి. "నువ్వు పో!" అని అరిచాను.

అది ఆగింది. వెనక్కి రాలేదు, చెయ్యి ఇవ్వలేదు. ఉన్నచోటే నీళ్ళలో నిలబడి, నేను దాని పక్కకి వచ్చేదాకా చూసింది. వచ్చాక నాతో సమానంగా కదిలింది. నేను ఆగితే ఆగింది.

"తాడు లేదు కదే!" అన్నాను రొప్పుతూ.

"నెమ్మదిగా నడిచేవాడిదే కదండి నడక" అంది.

అలా వచ్చాం. ఈ బడిలో ఏ పిల్లా పరీక్షకి అంత సేపు తీసుకోలేదు. లోవ మెట్లెక్కుతుంటే చిన్న తరగతి పిల్లలు "లోవ లాస్టు! లోవ లాస్టు!" అని గంతులేశారు. ఇన్నేళ్ళుగా మొదట వచ్చే పిల్ల, నీళ్ళు కారుతూ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. సత్తిబాబు పడవ కట్టెయ్యడం కూడా మర్చిపోయి పంటు మీదికి దూకాడు. పడవ కొట్టుకుపోతుంటే లెక్కల పంతులు గారు పరిగెత్తి పట్టుకున్నారు.

రెహానా గారు రేకు పెట్టె తెరిచి నా విజిలు తీసిచ్చారు. మెళ్ళో వేసుకున్నాను. ఊదడానికి చాలాసేపు ఊపిరి చాల్లేదు.

బహుళ నవమి

నా ఒంట్లో భయం ఉంది. అలసట ఉంది. సాయంత్రం బకెట్టు తీసుకోకుండా స్నానానికి వెళ్ళాను.

లోవ మెట్ల మీద కూర్చుని తలకాయ లెక్కపెట్టింది, ఉన్నది ఒక్కటే అయినా. నేను భయమేసి నీళ్ళలో ఆగినప్పుడల్లా లెక్క ఆపింది. తొందరపెట్టలేదు.